గౌరవ వేతనం, ఆత్మగౌరవం

సోషల్ వర్క్ విభాగంలో పనిచేసే స్నేహితురాలు అంగన్‌వాడీ టీచర్ల కోసం తయారుచేసిన ప్రశ్నావళిని తెలుగు చేసిపెట్టమంది. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. 'సెల్ఫ్ ఎస్టీమ్'ని ఏమనాలి? ఆత్మగౌరవం అని రాశాను గానీ, మనకా మాట మనస్తత్వశాస్త్రం నుంచి రాలేదు. 1982లో పార్టీ పెట్టిన ఎన్టీఆర్ నోట, దళిత ఉద్యమంలో, తెలంగాణ ఉద్యమంలో అది ఎదుటివాళ్ళని నిలదీసే మాట. ఒక మనిషి లోపల ఎంత ఉందో ఒకటి నుంచి అయిదు దాకా కొలిచేది కాదు.

ఆ కాగితాలు పట్టుకుని ఇద్దరం గుంటూరు జిల్లాలో ఒక కేంద్రానికి వెళ్ళాం. ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న టీచర్. పిల్లలకు అన్నాలు పెట్టి, చాపల మీద పడుకోబెట్టాక వచ్చి కూర్చున్నారు. "మీ పని మీద మీకెంత నమ్మకం?" అని అడిగాను.

"ఎవరి ముందు మేడం?" అన్నారు.

పిల్లల ముందయితే అయిదు. ఏ ఏడుపు ఆకలిదో, ఏది నిద్రదో, మాటలు రాని పిల్ల దేనికి నవ్వుతుందో ఆవిడకి తెలుసు. ఫోన్లో యాప్ తెరుచుకోక పిల్లల బరువులు ఎక్కనప్పుడు, మీటింగులో పదిమంది ముందూ మాట పడ్డప్పుడు ఒకటి. "టెన్త్ చదివినదానివి నీకేం తెలుసు అంటారండి" అన్నారు, మామూలుగానే.

1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలయినప్పటి నుంచీ వీళ్ళకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. గౌరవం ఉంది కాబట్టి వేతనం తక్కువైనా పరవాలేదన్నమాట! వీళ్ళవి సివిల్ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రాట్యుటీకి అర్హులేనని 2022లో అదే కోర్టు అంది. నెలకు 11,500 రూపాయలు తీసుకుంటున్న ఆంధ్రప్రదేశ్ టీచర్లు 2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగితే, 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే అది సేవ. పని ఆపితే అత్యవసర సేవ. తల్లితనానికి కూలేమిటన్న ఈ లెక్క ప్రభుత్వం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, మన ఇళ్ళలోదే.

మనిషికి కావలసిన ప్రాథమికమైన వాటిల్లో బహుశా అతి ముఖ్యమైనది ఆత్మగౌరవమేనని, దానికి సామాజిక ఆధారాలుంటాయని 1971లో జాన్ రాల్స్ రాశాడు. ఆయన న్యాయం కుటుంబం లోపలికి సరిగా చూడలేదని 1989లో సుసాన్ మోలర్ ఓకిన్ విమర్శించింది. అంగన్‌వాడీ ఉన్నది సరిగ్గా ఆ గడప మీదే. ఇంటిపని వీధిలోకి వచ్చింది, ఇంట్లో ఉన్న విలువతోనే వచ్చింది.

శిక్షణ వద్దని నేననను. నేర్చుకోవాలని ఆవిడకే ఉంది. కానీ ఆధారాలన్నీ లాగేసి, నిటారుగా నిలబడటం నేర్పుతామనడం న్యాయమేనా? లాగేసేవాళ్ళలో నేను లేనా? నా కూతుర్ని పగలంతా చూసుకున్న క్రెష్ ఆయమ్మకి నెలకెంతిస్తారో నాకు తెలుసు. ఆమె ఏం చదువుకుందో ఒక్కసారీ అడగలేదు.

టీచర్‌గారు ఆ ప్రశ్నకి రెండు టిక్కులు పెట్టారు, అయిదు మీదొకటి, ఒకటి మీదొకటి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా స్నేహితురాలు ఆ కాగితం తీసి, ఇది లెక్కలోకి రాదని విడిగా పెట్టింది. నేను అడిగి తెచ్చుకున్నాను.