వృద్ధాప్యములో క్రొత్త పట్టణము

ధ్యానభాగము: 2 సమూయేలు 19:31-39

మా సంఘమునకు చెందిన ఒక సహోదరి ఇంగ్లండు దేశపు ఆసుపత్రులలో ముప్పది సంవత్సరములు నర్సుగా పనిచేసి, విశ్రాంతి పొంది, స్వగ్రామమునకు వచ్చియున్నారు. భర్త మా సమాధుల తోటలోనే నిద్రించుచున్నారు. సంతానము లేదు. ఆమెతో పనిచేసిన ఇద్దరు ఇంగ్లీషు నర్సులు ఉత్తర థాయిలాండులోని చియాంగ్ మై పట్టణములో స్థిరపడి, ఆమెను కూడ రమ్మని పిలుచుచున్నారు. ఒక సాయంకాలము ఆమె మా వసారాలో కూర్చుండి, “అయ్యగారూ, ఈ వయస్సులో అంత దూరం పోవాలనుకోవడం పాపమా?” అని అడిగిరి. వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.

ఆ పట్టణము సామాన్యమైనది కాదు. 1296లో మెంగ్రాయి అను రాజు లాన్నా రాజ్యమునకు ముఖ్యపట్టణముగా దానిని స్థాపించెను. పేరునకు క్రొత్త పట్టణమని అర్థము. చుట్టును చదరముగా త్రవ్విన అగడ్త నేటికిని నీళ్లతో నున్నది. లోపల చేది లువాంగ్ అను గొప్ప స్తూపము కలదు. 1545లో వచ్చిన భూకంపమునకు దాని పైభాగము కూలగా, మిగిలినది అట్లే నిలిచియున్నది. కార్తీక పున్నమి నాళ్లలో ఊరంతయు దీపములే. చేనేత, వెండిపని, కొయ్య చెక్కడము అచ్చట ఇంకను బ్రదికియున్నవి. మంచి ఆసుపత్రులు, తక్కువ ఖర్చు. కాబట్టి అమెరికా, ఐరోపా, జపాను దేశముల పింఛనుదారులు అనేకులు అచ్చటికి చేరుచున్నారు. యాబది ఏండ్లు నిండినవారు బ్యాంకులో 8 లక్షల బాత్‌లు నిలువయుంచిగాని, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయము చూపిగాని, ఏటేట అనుమతి పొందవచ్చును. అయితే ఉద్యోగము చేయరాదు, భూమి తమ పేర కొనరాదు.

బర్జిల్లయి సంగతి చూడుడి. అబ్షాలోమునకు భయపడి పారిపోయిన దావీదును మహనయీములో పోషించినవాడతడు. రాజు తిరిగి వెళ్లుచు, తనతో యెరూషలేమునకు రమ్మని పిలిచెను. అతడో ఎనుబది ఏండ్లవాడు. రుచి తెలియని నాలుకకు రాజభోజనమెందుకు, వినబడని చెవికి గాయకుల పాట యెందుకు అని, తలిదండ్రుల సమాధియున్న ఊరిలోనే చనిపోవుటకు సెలవడిగెను. ఇదే ఆమెకు చెప్పితిమి. చెప్పి, ఒక మాట కూడ కలిపితిమి.

ఆ దేశములో ఏప్రిల్ 13 మొదలు సొంక్రాన్ పండుగ జరుగును. వీధులలో నీళ్లు చల్లుకొను ఆట పరదేశులందరికి తెలిసినదే. ఇండ్లలో జరుగునది వేరు. పిన్నలు సువాసన కలిపిన నీళ్లు తెచ్చి, పెద్దల చేతులమీద పోసి, తమ తప్పులు మన్నింపుమని అడిగి దీవెన పొందుదురు. “అమ్మా, అక్కడ మీ చేతులమీద నీళ్లు పోసేవారెవరు?” అంటిమి.

ఆమె చాలసేపు పలుకలేదు. తరువాత, “ఇక్కడ మాత్రం ఎవరున్నారు అయ్యగారూ?” అనిరి.

ఆ మాట మాకు గ్రుచ్చుకొనినది. ఆమె వచ్చి రెండేండ్లాయెను. అప్పు కావలసినవారు తప్ప ఆమె గడప త్రొక్కినవారెవరు? మేమును చందా పట్టికతోనే పోతిమి. బర్జిల్లయి ఊరు అతనిని ఎరిగియుండెను గనుక అతడు ఉండగోరెను. ఎరుగని ఊరిలో సమాధి యొక్కటే ఉన్నయెడల, మనిషిని ఉండుమనుట న్యాయమా?

అబ్రాహాము డెబ్బదియైదేండ్ల వయస్సున హారాను విడిచెను. వృద్ధుడు ప్రయాణము చేయరాదని లేఖనము చెప్పదు. కాని శారా చనిపోయినప్పుడు అతడు హేతు కుమారుల యెదుట సాగిలపడి, ఊరక ఇచ్చెదమన్నను ఒప్పుకొనక, మక్పేలా గుహకు నిండు వెల తూచి యిచ్చెను. మా ధనము మీకు మేలు గదా అను అతిశయము అందులో లేదు. 1867లో డానియేలు మెక్‌గిల్వరీ అను అమెరికా సేవకుడు చియాంగ్ మై చేరి, 1911లో అచ్చటనే మరణించెను. అచ్చటివారి భాషలోనే బోధించెను. మిషనెరీలందరు అట్టివారని చెప్పము. బంగళా గేటు దాటనివారును ఉండిరి. నేటి పింఛనుదారులలోను అట్టి గేట్లు లేకపోలేదు.

ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు పొలములు, అడవులు తగులబెట్టిన పొగ ఆ పట్టణమును కప్పును. కలిగినవారు సముద్రతీరమునకు పోవుదురు. బజారులో కూరలమ్ము ముసలమ్మ ఎక్కడికి పోవును? దీపముల పండుగనాడు మాత్రమే ఆ ఊరు మనదగునా? ఇది కూడ ఆమెతో అంటిమి. “దగ్గు వినబడితే లేవకుండా ఉండలేను లెండి, ముప్పై ఏళ్ల అలవాటు,” అనిరి.

వెళ్లుదురో లేదో ఇంకను తెలియదు. ఇప్పుడు ఆదివారపు బడి పిల్లలు నలుగురు సాయంకాలములందు ఆమె యింటికి పోవుచున్నారు. మేము పంపలేదు, ఒకనికి కాలు తెగి కట్టు కట్టించుకొనుటతో మొదలైనది. పోయిన ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె సంచిలోనుండి థాయి అక్షరముల పుస్తకము తీసి చూపిరి. అవియు మన అక్షరములవలె బ్రాహ్మీ లిపి సంతానమే. అయిదు స్వరములలో పలుకవలెనట. స్వరము మారిన అర్థము మారునట. “క, ఖ అని మన వరుసే అయ్యగారూ, రాగమే కుదరటం లేదు,” అని నవ్విరి. ప్రక్కనున్న పిల్లలు ఆ రాగము పట్టి ఆమెకంటె బాగుగా పలికిరి.