పరీక్ష నెగ్గితే చాలునా?

కురుక్షేత్రంలో ధర్మరాజు ఆడినది అబద్ధమా? అశ్వత్థామ అనే ఏనుగు చచ్చిన మాట నిజం. ఏనుగన్న ముక్క ద్రోణుడికి వినపడకుండా పలకడంలో ఉంది మోసమంతా. అంతదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆనాటితో నేలకు దిగిందంటుంది భారతం. మాట నిజమై, ఉద్దేశం అబద్ధమయ్యే ఈ చిక్కు మన కాలపు రథాలకూ వచ్చింది.

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, వాహనం అమ్మకానికి రాకముందు దాని నమూనాను పుణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థ పరీక్షించాలి. బ్రేకు గొట్టాలు, దీపాలు, టైర్లు, అద్దాలు వంటి విడిభాగాలకూ ప్రమాణాలున్నాయి. పరీక్షకు వెళ్ళేవి కొన్ని నమూనాలు, రోడ్డెక్కేవి లక్షలు. అంటే ఆ నమూనాతో కంపెనీ ఒక మాట ఇస్తోంది: మిగతావన్నీ ఇలాగే ఉంటాయని.

ఆ మాట ఎలా తప్పుతారో చూడడానికి రెండు ఉదాహరణలు చాలు. 2015లో అమెరికాలో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలో, పరీక్ష జరుగుతున్నదని స్టీరింగును, వేగాన్ని బట్టి పసిగట్టే సాఫ్ట్‌వేర్ పెట్టారు. పరీక్ష వేళ పొగ అదుపులో ఉండేది. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వెలువడేవి. ప్రపంచమంతటా దాదాపు 1.1 కోట్ల కార్లలో ఆ ఏర్పాటు ఉంది. 2023లో జపాను కంపెనీ డైహాట్సు, పక్కనుంచి గుద్దే పరీక్షకు పంపిన కార్ల తలుపు లోపలి పలకకు, అమ్మే కార్లలో లేని మార్పు చేసినట్టు ఒప్పుకుంది. ఆ ఏడాది చివర విచారణ కమిటీ 64 మోడళ్ళలో అక్రమాలు కనుగొని, గడువుల ఒత్తిడిని ముఖ్య కారణంగా చెప్పింది.

"పైవాళ్ళు గడువు పెట్టారు, చట్టం అడిగింది చూపించాను, నా తప్పేముంది?" అని ఇంజనీరు అడగవచ్చు. ఉద్యోగం మీద ఇల్లు గడిచేవాడి ప్రశ్నను తేలిగ్గా కొట్టెయ్యలేం. కాని అసలు పరీక్ష ఎవరికోసం? అధికారికోసమే అయితే ఆయన సంతకంతో ధర్మం తీరిపోతుంది. రాయగడ నుంచి కాశీపూర్ కొండదారిన బస్సెక్కేవారు, ఒడియా మాట్లాడేవారైనా, కువి మాట్లాడేవారైనా, మన తెలుగువారైనా, బ్రేకు పరీక్షించి ఎక్కరు. తమ తరఫున ఎవరో ఎక్కడో చూసి ఉంటారన్న నమ్మకంతో కూర్చుంటారు. పరీక్ష వారిది. ఇంజనీరూ అధికారీ వారి ప్రతినిధులు.

అందుచేత తప్పు ఒక్క ఇంజనీరుతో ఆగదు. డైహాట్సు సంగతి బయటికి వచ్చింది లోపలివారి ఫిర్యాదు వల్లనే. "ఇది నెగ్గలేదు" అని చెప్పిన ఉద్యోగికి జీతమూ గౌరవమూ నిలిచే చోటనే పరీక్షకు విలువ. ఆ మాట చెప్పనివ్వని సంస్థ ఎన్ని ధ్రువపత్రాలు గోడకు తగిలించుకున్నా, ద్రోణుడికి వినపడని ఆ ముక్కనే మింగుతున్నట్టు లెక్క.