అయ్యుండి

"ముస్లిం అయ్యుండి ఎంత చక్కటి తెలుగండీ మీది!"

బాపట్లలో ఒక సాహిత్య సభలో మాట్లాడి వేదిక దిగగానే ఓ పెద్దాయన ఆప్యాయంగా నా చేయి పట్టుకుని అన్న మాట. ఆయనకు దురుద్దేశం లేదు. కానీ ఆ 'అయ్యుండి' మాత్రం రేపల్లె బస్సెక్కాక కూడా నన్ను వదల్లేదు. నేను పుట్టింది రేపల్లెలో, చదివింది తెనాలిలో. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. ఇందులో వింతేముంది?

నాజర్ గారిని మెచ్చుకునేటప్పుడూ ఇదే మాట వినిపిస్తుంది. షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టారు. ప్రజానాట్యమండలి రోజుల్లో బుర్రకథను ఊరూరా తిప్పారు. భుజాన తంబురా, వేళ్ళకు అందెలు, రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు. ఒకరు నవ్విస్తే ఇంకొకరు రాజకీయం విప్పుతారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు. 1954లో 'అగ్గిరాముడు' సినిమాలోకీ ఆ కథ వెళ్ళింది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు.

ఆయన గురించి ఎవరు మాట్లాడినా 'మతసామరస్యానికి ప్రతీక' అన్న ముక్క దొర్లుతుంది. అదే బ్రహ్మనాయుడి కథ ఏ సుబ్బయ్యో చెబితే ఆయన్ని కళాకారుడంటారు, అంతే. కథ ఎవరి సొంతమో వాడికి సామరస్యం బిరుదెందుకు? ఇంటికొచ్చిన చుట్టం బుద్ధిగా నడుచుకున్నాడని మెచ్చుకోవడం కదా ఇది! కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానాకూ ఈ మెప్పు తప్పలేదు.

పండితులు దీన్ని మిశ్రమ సంస్కృతి అంటారు. కలిశాయంటే ముందు విడివిడిగా ఉండాలి. నాజర్‌లో తెలుగుతనం ఒకచోట, ముస్లింతనం ఇంకోచోట ఉన్న రోజు ఏది? మనం 'సన్నాయి' అంటున్నదే షెహనాయికి చుట్టం. 'కచేరీ' మా ఇంటి మాట. వాడేటప్పుడు ఎవరైనా గుర్తింపు కార్డు అడుగుతున్నారా? మాటను అడగరు, మనిషిని అడుగుతారు.

అంగడాల వెంకట రమణమూర్తి చేత అక్షరబద్ధమైన నాజర్ ఆత్మకథ పేరు 'పింజారి'. దూది ఏకి ఊరందరికీ పరుపులు కుట్టిచ్చిన వాళ్ళ పేరు తెలుగులో తిట్టయింది. ఆ తిట్టునే అట్ట మీదికెక్కించారు. ప్రతీక అనిపించుకోవడం కంటే అదే నిజాయితీగా ఉంది నాకు.

ఇక మా ఇంటి సంగతీ చెప్పాలి. తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అన్న సామెత తెలుగువాళ్ళదే కావచ్చు. దాన్ని చెప్పుకుని మా ఉర్దూ ఇళ్ళలో నవ్వుకున్నాం. ఉర్దూ రానివాడు ఏం ముసల్మాన్ అన్నాం. ఆ నవ్వులో నేనూ ఉన్నాను.

కొన్నేళ్ళ కిందట తెనాలి దగ్గర ఓ పల్లెలో, గుడి సన్నాయి వాయించే దూదేకుల పెద్దాయన్ని పత్రిక కోసం కలిశాను. రాగాలూ గురువుల సంగతులూ అయ్యాక, ఆగలేక అడిగాను. "నమాజు చేస్తారా? ముస్లిం అయ్యుండి గుళ్ళో వాయిస్తుంటే ఇబ్బందిగా ఉండదా?"

ఆయన సన్నాయి పీక నోట్లో తడుపుకుంటూ నా వైపు చూశాడు. "మీరు రాసేది తెలుగు పేపరేగా బాబూ? రాసేటప్పుడు మీకేమైనా ఇబ్బందిగా ఉంటుందా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు తట్టలేదు గానీ, నేనడిగింది బాపట్ల పెద్దాయన మాటే. ఆయన మెప్పుగా అన్నాడు, నేను నిలదీశాను. ఈయన్ని అలా అడిగే హక్కు నాకెవరిచ్చారు?

ఆ ఆదివారం వ్యాసం అచ్చయింది. ఆ ప్రశ్నా జవాబూ అందులో లేవు. శీర్షిక మాత్రం నేనే పెట్టాను. 'మతసామరస్యానికి మచ్చుతునక'.