పసిడి వన్నె – పసిడి విలువ



ఆంగ్లేయులు బంగారు వన్నె గలదానిని ‘గోల్డెన్’ అందురు. బంగారమనెడి ‘గోల్డ్’, పసుపుపచ్చ అనెడి ‘యెల్లో’ ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టిన మాటలు. మన తెలుగునందును అట్లే. పసుపు, పచ్చ, పసిడి ఒకే మూలమునకు చెందినవి. మన ఆమదాలవలస ప్రాంతమున వినవచ్చు పైడయ్య, పైడమ్మ అను పేరులలోని పైడియు ఈ పసిడియే. రెండు భాషలలోను ఆ లోహమునకు పేరు వచ్చినది రంగును బట్టియే గాని విలువను బట్టి కాదు.

ఇత్తడియు పచ్చగానే యుండును గదా! అందుచేత కంసాలి రంగు చూచి నమ్మడు. గీటురాయిమీద గీసి, నిప్పులో కరగించి చూచును. నిప్పులో నిగ్గుతేలిన బంగారముకన్నను శోధనలో నిలిచిన విశ్వాసమే మిన్నయని పేతురు బోధించెను (1 పేతురు 1:7).

మరి మన సంఘములలో పెండ్లిమాటలనాడు మొదట అడుగునదేమి? పిల్ల భక్తియా, ఎన్ని తులములనియా? వరకట్నమును నిషేధించు చట్టము 1961లోనే వచ్చినది; మన మనస్సులోని త్రాసు మాత్రము మారలేదు. తండ్రి పొలము తాకట్టుపెట్టి తెచ్చిన బంగారము పందిట ఒక్కపూట మెరయును. అప్పు ఆ యింట ఏండ్లతరబడి నిలుచును.

మత్తయి 7:12లోని ప్రభువు ఆజ్ఞకు ఆంగ్లేయులు ‘గోల్డెన్ రూల్’ అని పేరిడిరి. ఆ వచనమున బంగారమను మాటయే లేదు. అక్కడ పసిడి అనగా రంగు కాదు, విలువ. కుమారునికి సంబంధము చూచువారలారా, మన కుమార్తె తండ్రిగా మనము ఎదుటివారినుండి ఏమి కోరుదుమో, ఆ తండ్రికి అదే చేయుదము. ఈ గీటురాయిమీద మన భక్తి నిగ్గు తేలునుగాక.