దాయమా? ఋణమా?

తండ్రి సొత్తు సంతతికి సంక్రమించుటను ధర్మశాస్త్రకారులు దాయమనిరి. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరా వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు, యజమానితోడి సంబంధము చేతనే మరియొకనికి స్వమగు ధనము దాయమని నిర్వచించెను. ఆ గ్రంథమును 13వ శతాబ్దిలో కేతన తెనిగించెను. ఇల్లు, పొలము, పశువులు దాయములగుననుటలో సందేహము లేదు. మరి తండ్రి చేయు కొలువు దాయమగునా? గోదావరీతీరమందలి బొగ్గుగనుల సీమలో, రామగుండము మొదలు జైపూరు వరకు, ఈ ప్రశ్న ఇంటింటను వినబడుచున్నది.

సింగరేణి సంస్థలో రాష్ట్ర ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము భాగము కలదు. 1990వ దశకారంభమున లక్షకు పైబడియున్న కార్మికులు నేడు సుమారు 40,000కు తగ్గిరి. ఆ దశకమున సంస్థ నష్టములలో మునిగెను. స్వచ్ఛంద పదవీ విరమణలు, ఉపరితల గనులు, భారీ యంత్రములు వచ్చెను. 2016లో జైపూరునందు 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము వెలసెను. బొగ్గు పెరిగినది, కొలువులు తరిగినవి. కొలువు అరుదైనకొలది, తండ్రి కొలువు బిడ్డకు దక్కవలెనను ఆశ బలపడుట సహజము. ఆ వారసత్వోద్యోగ పథకమును 2017లో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను. విధులలో మరణించినవారి, వైద్యపరీక్షలో అశక్తులని తేలినవారి కుటుంబములకు పిమ్మట కారుణ్య నియామకములు లభించుచున్నవి.

ప్రజల సంస్థలోని కొలువు ప్రజలందరిది. గనికార్మికుని బిడ్డకు గల అర్హతయే ప్రక్కయింటి కౌలురైతు బిడ్డకును కలదు. కావున కొలువు దాయము కాదు.

అంతటితో విచారము ముగియదు. శాస్త్రమున దాయవిభాగముతోపాటు ఋణాదానము కూడ చెప్పబడినది. ముప్పది యేండ్లు భూగర్భమున చెమటోడ్చినవానికి ముట్టిన వేతనము ఆనాటి పనికి వెల; అరిగిన నడుమునకు, ధూళి పట్టిన ఊపిరితిత్తులకు వెల కాదు. ఆ శేషము సంఘము తీర్చవలసిన ఋణము. దానికి కారుణ్యమని పేరిడుట తగదు. అప్పు తీర్చువాడు దాత కాడు.

ఋణము తీర్చు విధమునందును ధర్మము కలదు. తండ్రి అశక్తుడైననే బిడ్డకు కొలువను నియమము ఇంటిలో ఒక దారుణమైన లెక్కను పుట్టించును. మందు తెచ్చి యీయవలసిన కుమారుడు వైద్యుని పత్రమునకై యెదురుచూచును. తండ్రి ఆరోగ్యము కోరుటయా, బిడ్డ బ్రదుకు కోరుటయా యని తల్లి మనస్సు రెండుగా చీలును. ఆమె నిందార్హురాలు కాదు. పితృభక్తికిని పుత్రవాత్సల్యమునకును వైరము కల్పించు నియమమే విచారణార్హము.

రోగముతో నిమిత్తము లేక ఋణము తీరు మార్గములు కలవు. కార్మికుల బిడ్డలకు మేలైన విద్య, విరమించినవారికి కొరతలేని వైద్యము, అదే గనిలో ఒప్పందముపై చెమటోడ్చువారికి పనికి తగిన కూలి — ఇవి పాలకుల వంతు. తండ్రి దేహమును ఆస్తిగా లెక్కింపకుండుట బిడ్డల వంతు.

ఆ బొగ్గు కాలినందున వెలుగు దీపములు దూరపు పట్టణములలోను కలవు. వాని క్రింద కూర్చుండి చదువుకొనువారందరును ఆ ఋణములో భాగస్థులే.