పోయొస్తానన్న మాట

గడప దాటేటప్పుడు మనం "పోతాను" అనం, "పోయొస్తాను" అంటాం. పోవటానికే రావటాన్ని ముడేసి చెప్తాం. మరి తిరిగి రానివాడు మాట తప్పినట్టేనా? మా ఇంట్లో మూడు తరాలుగా నలుగుతున్న ప్రశ్న ఇది.

మా తాత 1936లో కాకినాడ నుంచి రంగం పోయాడు. రంగమంటే బర్మాలోని రంగూన్. పేటకొచ్చిన మేస్త్రి ముందుగా కొంత డబ్బిచ్చాడు. అది కామందు బాకీకే సరిపోయింది. కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు, దూరంగా లంగరేసుకునేవి. నావలెక్కి ఓడ దగ్గరికి పోవాలి. మామ్మా, ఆరేళ్ళ మా నాయనా నావ దాకా వెళ్ళారు. "ఎల్లొత్తానే" అన్నాడు తాత. "ఎల్లిరా మావా" అంది మామ్మ. మళ్ళీ రాలేదు.

సముద్రం దాటటం కులం పోగొట్టే పాపమని బౌధాయన ధర్మసూత్రం చెప్పింది. 1888లో గాంధీ చదువుకోసం లండన్ బయల్దేరితే కులపెద్దలు ఆయన్ని వెలేశారు. మా తాతని ఎవరూ ఆపలేదు. వెలెయ్యటానికి ఆయన ఊళ్ళో ఉంటే గదా! అయినా "పెళ్ళాంబిడ్డల్నొదిలేసి పోయాడు" అని తీర్పు చెప్పటానికి మాత్రం అదే ఊరు ముందుకొచ్చింది.

రంగంలో తెలుగు కూలీల్ని కోరంగీలన్నారు, మా కోరంగి రేవు పేరుమీద. వాళ్ళు రేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, ధాన్యం మిల్లుల్లో చేశారు. మేస్త్రులు తామిచ్చిన అప్పు కూలిలో కోసుకునేవాళ్ళు. 1930 మేలో రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలో పెట్టారు. సమ్మె తీరాక ఆ బర్మావాళ్ళని పంపించేశారు. లాభం యజమానులది, నెత్తురు పేదలది. ఆ కొట్లాటల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఆ సంగతి తెలిసి కూడా ఆరేళ్ళకి మా తాత అదే ఓడ దారి పట్టాడంటే ఇక్కడి బతుకెలాంటిదో చూడండి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. లక్షలమంది కొండలూ అడవులూ పట్టి ఇండియాకి నడిచారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. తాత కబురు మాత్రం మాకందలేదు.

తిరిగొచ్చే దారి ఎవరి చేతిలో ఉందో వాళ్ళనే రాలేదేమని అడగాలి. అప్పు మేస్త్రి చేతిలో, ఓడ దొర చేతిలో ఉన్నప్పుడు తాత మాట తప్పాడనటం అన్యాయం.

అలాగని తాతని నోరూ మనసూ లేని మూటగా చెయ్యను. చెప్పులు చేత్తో పట్టుకుని నడవమనేవాడు లేని వీధి చూశాక ఆయనకి వెనక్కి రావాలనిపించలేదేమో. అది తప్పనే నోరు నాకు లేదు. కానీ మామ్మ సంగతేంటి? మేస్త్రి బాకీకి ఆమే పూచీ అయింది. కామందు పొలంలో తాత చేసిన చాకిరీ కూడా ఆమె నెత్తినే పడింది. "ఎల్లిరా" అన్నావు గదా అంటారు. "వద్దు" అనే వీలున్నప్పుడే ఆ మాట ఒప్పుకోలవుతుంది. తాతకి అక్కడ ఆత్మగౌరవం దక్కిందే అనుకుందాం, దాని ఖరీదు ఒడ్డున మిగిలిన ఆడమనిషి కట్టింది.

1913లో బాబాసాహెబ్ కూడా సముద్రం దాటి న్యూయార్క్ వెళ్ళారు. రమాబాయి ఇక్కడ పేదరికంతో ఉండిపోయింది. ఆమె చనిపోయాక తన 'థాట్స్ ఆన్ పాకిస్తాన్' పుస్తకాన్ని ఆమె స్మృతికి అంకితమిచ్చారు. ఆ బాకీ ఆయన ఒప్పుకున్నారు. మనం జయంతుల్లో ఆయన ఓడెక్కటం గురించి గంటలు గంటలు మాట్లాడతాం, ఒడ్డున ఉన్న మనిషి గురించి ఎంతసేపు మాట్లాడతాం?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇవ్వాళ మీరు పేట దాటి యూనివర్సిటీలకి, విమానాలెక్కి పై దేశాలకి పోతున్నారు. పోండి. రాలేకపోతే మిమ్మల్ని ద్రోహులనే హక్కు ఊరికి లేదు. కానీ మీరు పోవటానికి ఎవరు పూచీ నిలబడ్డారో, ఎవరు రెట్టింపు కూలికెళ్ళారో వాళ్ళ పేర్లు మీ చరిత్రలో రాయండి. మా తాతని నేను క్షమించనక్కర్లేదు, ఆయన తప్పు చెయ్యలేదు. మామ్మకి మాత్రం మేమంతా బాకీనే.