చట్టం కులాన్ని ఎరగదా?

2020 మార్చి 27న, మహమ్మారి తొలిరోజులలో, రెండు దేశాలలో రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. అమెరికాలో కేర్స్ చట్టం వచ్చింది: నిరుద్యోగ భృతికి తోడు వారానికి 600 డాలర్లు, ఫెడరల్ ప్రభుత్వం అండ ఉన్న ఇంటి అప్పులకు వాయిదా. ఇక్కడ రిజర్వు బ్యాంకు కిస్తీలను మూడు నెలలు ఆపడానికి బ్యాంకులకు అనుమతినిచ్చింది. ఆ గడువు ఆగస్టు 31 దాకా సాగింది. అక్కడ జాతి పేరు లేదు, ఇక్కడ కులం పేరు లేదు. ఎవరి పేరూ ఎత్తని శాసనం ఎవరికీ అన్యాయం చేయనట్టేనా? ఇదీ నా ప్రశ్న.

అమెరికాలో 1935 నాటి సామాజిక భద్రతా చట్టం పొలం కూలీలనూ ఇంటిపనివారినీ నిరుద్యోగ భృతికి వెలుపల ఉంచింది. నల్లవారని ఎక్కడా రాయలేదు. కాని దక్షిణాది నల్లవారిలో అధికసంఖ్యాకులు చేసేది ఆ పనులే. 1934 నుంచి ఇంటి అప్పులకు పూచీపడిన ప్రభుత్వ సంస్థ నల్లవారి పేటలను దగ్గరికి రానీయలేదు. ఫలితంగా 2020 నాటికి తెల్లవారి కుటుంబాలలో నాలుగింట సుమారు మూడింటికి సొంత ఇల్లుంటే, నల్లవారిలో సగం కుటుంబాలకు కూడా లేదు. ఇంటి అప్పుకు వాయిదా ఇల్లున్నవాడికే గదా! వాన అందరిమీదా కురిసింది. నీళ్లు మాత్రం ఏనాడో తవ్విన కాలవలలోకే పోయాయి.

ఇక మన పాలమూరుకు వద్దాం. దేశం నలుమూలలా ఆనకట్టలకు మట్టి మోసింది పాలమూరు లేబరు. దేవరకొండ తండాల లంబాడీలూ ఊరు విడిచి పనులకు పోతారు. వలసపోయేవారిలో మాదిగలు, మాలలు, లంబాడీలు, వెనకబడిన కులాలవారే ఎక్కువ. వీరికీ ఇళ్లున్నాయి, ఏడాదిలో చాలాకాలం తాళం వేసి ఉండే ఇళ్లు. అయితే అనేకుల చేతిలో బ్యాంకు ఒప్పుకునే కాగితం లేదు కనక ఆ ఇంటిమీద అప్పు పుట్టదు. అప్పు లేకపోలేదు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఉంది. ఉద్యోగి ఫ్లాటు కిస్తీని రిజర్వు బ్యాంకు ఆపగలిగింది. మేస్త్రీ పద్దును ఆపే శక్తి ఏ బ్యాంకుకూ లేదు.

పని పోయినవారి సంగతీ ఇంతే. ఇ.ఎస్.ఐ. నిరుద్యోగ భృతిని 2020లో సగటు వేతనంలో 25 శాతం నుంచి 50 శాతానికి పెంచారు, 90 రోజుల దాకా. మంచిపనే. కాని అది బీమా ఉన్న కార్మికునికి; మేస్త్రీ కింద పనిచేసేవాని పేరు సాధారణంగా ఆ రిజిస్టరు కెక్కదు. రాష్ట్ర ప్రభుత్వం ఆహారభద్రత కార్డున్న కుటుంబానికి 1,500 రూపాయలూ, మనిషికి 12 కిలోల బియ్యమూ ఇచ్చింది. ఆ గింజలను తక్కువచేసి మాట్లాడను. అయితే మక్తల్ కూలీకి కార్డు ఊళ్లో ఉంది, ఆకలి ముంబాయిలో ఉంది.

అదే సంవత్సరం జూన్‌లో రైతుబంధు సొమ్ము ఎకరానికి 5,000 చొప్పున పట్టాదారుల ఖాతాలలో పడింది. పదెకరాల ఆసామికి 50,000. ఆ పొలాన్ని కౌలుకు దున్నినవానికి సున్న, అందులో నాటువేసిన ఆడకూలీకి సున్న. ఇక్కడా కులం పేరు లేదు. కాని పట్టా ఎవరి పేర ఉందో ఊరందరికీ తెలుసు.

"ఇది వర్గ సమస్య, కులమెందుకు తెస్తావు?" అని మిత్రులు అడగవచ్చు. అగ్రకులాలలోనూ పేదలున్నారు, వారూ నలిగారు, కాదనను. అయితే భూమి ఎవరికి దక్కాలో, వెట్టి ఎవరు చెయ్యాలో ఈ నేలలో తరతరాలుగా నిర్ణయించింది కులం. ఆ నిర్ణయమే పట్టాగా, జీతం చిట్టాగా, బ్యాంకు ఖాతాగా రూపం మార్చుకుంది. ఇక్కడ కులాన్ని వదిలి వర్గాన్ని అర్థం చేసుకోవాలనడం పునాదిని చూడకుండా గోడను కొలవడమే.

కనక శాసనం మంచిచెడ్డలను అది రాసినవారి మనసునుబట్టి గాక, అది ఎవరిని వెతికి పట్టుకోగలదో, ఎవరిని పట్టుకోలేదో చూసి నిర్ణయించాలని నా వాదం. వేరుదారి లేకపోలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పట్టా అడగలేదు, బీమా అడగలేదు; పల్లెలో ఉండి, ఒళ్లు వంచి పనిచేస్తానంటే చాలన్నది. 2020 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో దాని రోజుకూలి 237 రూపాయలుగా ఉండేది; కుటుంబానికి ఏడాదికి నూరు రోజుల హామీ ఉండేది. చాలనిదే, అయినా ఆస్తిని గాక శ్రమను అర్హతగా నిలిపిన సూత్రం అందులో ఉంది. నిరుద్యోగ సహాయానికంతటికీ ఆ సూత్రమే ప్రాతిపదిక కావాలి.

1946–51 పోరాటంలో నల్లగొండ, భూమి ఎవరిదని అడిగింది. రిజిస్టరు ఎవరిదని అడగడం ఈ తరం పని.